'ఏడు మెట్లు లేవు' ఆల్బమ్‌కు అర్థం తేలింది

మా రాక్ సంగీత భావార్థ నిర్ణయ సంఘం పదకొండు వారాలు శ్రమించి, రెండుసార్లు చీలి, ఒకసారి కలిసి, 'ఏడు మెట్లు లేవు' అనే ఆల్బమ్‌కు అర్థం తేల్చిందని ఇందుమూలంగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ అర్థం తమకు ముందే తెలుసని ఎవరైనా చెప్పుకుంటే సంఘానికి సంబంధం లేదు.

ఆ ఆల్బమ్ వినని దురదృష్టవంతుల కోసం కాస్త వివరం. ఎనిమిది పాటలు, ఒకటే కథ. ఒక పాత భవనంలో రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఏడు మెట్లు కూలిపోతాయి. పైన ఒక తల్లి చిక్కుకుపోతుంది. కొడుకు గోడవారన పైపు పట్టుకుని ఎక్కి దిగుతుంటాడు. కూరగాయలు తాడు కట్టిన బకెట్లో పైకి వెళ్తాయి. మూడో పాట పద్నాలుగు నిమిషాలు. అందులో కొడుకు భవనాల మరమ్మతు శాఖకు వెళ్ళిన తేదీలూ, ఆయా రోజుల్లో సీట్లో లేని అధికారుల హోదాలూ వరుసగా వినిపిస్తాయి. అందులో డ్రమ్స్ వాయించిన తీరు అద్భుతం. తల్లి కళ్ళలో శుక్లాలు ముదిరాయనీ, జూన్ ఇరవై ఒకటిన ఆపరేషన్ జరగకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పేశారనీ ఐదో పాట.

ఆ భవనమూ, ఆ తల్లీ నిజంగా గాయకుడివేనని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేశారు. మేం విచారించాం. నిజమే. పద్నాలుగు నెలలు అర్జీలు పెట్టి పెట్టి ఆయన విసిగిపోతే, డ్రమ్మర్ ఒక సలహా ఇచ్చాడట. "కాగితాలు ఎవడు చదువుతాడ్రా? పాట కట్టు. అందరూ వింటారు." ఆ మాట అక్షరాలా నిజమైంది. అందరూ విన్నారు.

లేని మెట్లు పైకి వెళ్ళేవా, కిందికి వచ్చేవా అన్న ప్రశ్న మీద సంఘం మొదటిసారి చీలింది. బకెట్ దగ్గర రెండోసారి చీలింది. ఏడు మెట్లంటే ఆధునిక మానవుడు పోగొట్టుకున్న ఏడు విశ్వాసాలని మా ఉపాధ్యక్షురాలు, వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు, నిరూపించారు. శుక్లం సమాజం కళ్ళకు కమ్మిన పొర అన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం రాలేదు. ఆఖరి పాటలో మరమ్మతు ఫిర్యాదు నంబరూ, ఇంటి చిరునామా, "మధ్యాహ్నం రెండు దాటాక రండి, అమ్మ నిద్ర లేస్తుంది" అన్న మాటా తప్ప మరేమీ లేవు. స్టేడియంలో నలభై వేలమంది ఫోన్లు వెలిగించి, కళ్ళు మూసుకుని ఆ ఫిర్యాదు నంబరును ఒకే గొంతుతో పాడారు. ఆ నంబరు గల ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఆ ఇంజనీరుగారే ముందు వరుసలో నిలబడి ముక్కు చీదుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంజనీరుగారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. మర్నాడే టేపు పట్టుకుని ఆ భవనానికి వెళ్ళారు. మెట్లు లేని జాగాను మూడుసార్లు కొలిచారు. పైనుంచి తల్లి తొంగిచూసింది.

"ఎవరు బాబూ? మెట్లు కట్టడానికి వచ్చావా?"

"అమ్మా, మీరు మా అందరి ఒంటరితనం!" అన్నారాయన గద్గదంగా.

"నాకు ఒంటరితనం ఏం లేదు నాయనా. ఆస్పత్రికి వెళ్ళాలి, అంతే. సిమెంటు తెచ్చావా?"

సిమెంటు అనే మాట ఆల్బమ్‌లో ఎక్కడా లేదు కనుక దాన్ని ఆయన పరిగణనలోకి తీసుకోలేదు. 'శూన్యం: కొలతలు' అనే పరిశోధన పత్రం రాసి మా సదస్సులో చదివారు. ఫైలును మరమ్మతుల విభాగం నుంచి సాంస్కృతిక విభాగానికి బదిలీ చేశారు. ఇంత రసజ్ఞత గల అధికారులు ఉండటం మన అదృష్టం.

ఆ సదస్సుకే గాయకుడు పిలవకుండా వచ్చాడు. మైకు అందుకుని, "సార్, మీకు దండం పెడతాను. ఇందులో లోతూ లేదు, పాడూ లేదు. మెట్లు పడిపోయాయి, కట్టించండి. ఇరవై ఒకటికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది" అన్నాడు.

అధ్యక్షులు లేచారు. "సభ్యులారా! సృష్టించిన వాడికే అర్థం అందలేదంటే, ఈ కృతి ఎంత లోతైనదో ఆలోచించండి! తన పాట తనకే అర్థం కాని ఈ అభాగ్యుడికి మన ప్రగాఢ సానుభూతి తెలుపుదాం!"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గాయకుడికి ఏడు మెట్ల నమూనాను గాజు పెట్టెలో బహూకరించాం. అవి లేని మెట్లు కనుక పెట్టె ఖాళీగానే ఉంది.

వారం తిరక్కుండానే ప్రభుత్వం ఆ ఖాళీని 'రక్షిత శూన్యం'గా ప్రకటించింది. పూడ్చినవారికి ఆరు నెలల జైలు. గాయకుడు చెక్కలతో తాపీమేస్త్రీని తీసుకొస్తే అభిమానులు చేతులు పట్టుకుని గొలుసుగా అడ్డం నిలబడ్డారు. "నాకెందుకొచ్చిన గొడవ" అని మేస్త్రీ చెక్కలు మోసుకుని వెళ్ళిపోయాడు. అగ్నిమాపక దళం నిచ్చెనతో వచ్చింది. గోడకు ఆనించాలంటే సాంస్కృతిక విభాగం అనుమతి కావాలన్నారు. దరఖాస్తు ఇంజనీరుగారి పరిశీలనలో ఉంది.

జూన్ ఇరవై ఒకటిన భవనం కింద రెండు వేలమంది చేరాం. పది గంటలకు ఆపరేషన్. పది దాటింది, పన్నెండు దాటింది. తల్లి కిటికీలోకి వచ్చి, మసకచూపుతో కిందికి తడుముతూ చూసి అంది:

"ఇంతమంది ఉన్నారే! ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు నిలబడ్డా నన్ను దించెయ్యొచ్చు కదర్రా!"

దాచడమెందుకు, నాకు సిగ్గేసింది. ఒక్క అడుగు ముందుకు కూడా వేశాను. అంతలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నేను ఆగి, జేబులోంచి నోటుపుస్తకం తీసి ఆ మాటను పొల్లుపోకుండా రాసుకున్నాను.

ఆమెకు ఇప్పుడు చూపు లేదు. 'భుజాలు' అంటే ఏమిటో తేల్చడానికి సంఘం ఉపసంఘాన్ని వేసింది. పాఠకులు కూడా తమ అభిప్రాయాలు పంపవచ్చు. మొహమాటం అక్కర్లేదు, ఇంతసేపూ మీరూ ఆ తల్లి దేనికి ప్రతీకో ఆలోచిస్తూనే కూర్చున్నారు కదా.