ద్రాక్షాకుల మీద తెల్లపొడి

“ఈ వీధిలో నేరం చేసి నా కళ్ళుగప్పి తిరిగే మొనగాడు ఇంకా పుట్టలేదు,” అని ప్రకటించి, డిటెక్టివ్‌గారు భార్య సూదిలో దారం ఎక్కించుకునేటప్పుడు వాడే భూతద్దాన్ని బల్ల మీంచి తీసి జేబులో వేసుకున్నారు.

ఆ వీధిలో అసలు నేరమనేది జరిగినట్టు ఎవరూ ఎరగరు కాబట్టి ఆ మాట అంతవరకూ అబద్ధం కాలేదు. ఆయన సర్వీసంతా బస్సు డిపోలో బళ్ళు కడిగించే సెక్షన్‌లో గడిచిపోయింది. రిటైరయ్యాక పొద్దు పోక అపరాధ పరిశోధన మొదలుపెట్టారు. పోస్టుమాన్‌ని, ఇస్త్రీ అతన్ని, చివరికి ఎదురింటి పిల్లిని కూడా అనుమానించి వదిలేశారు. డిటెక్టివ్ అన్నది వీధివాళ్ళు ఎగతాళికి పెట్టిన పేరని ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

“అద్దం అక్కడ పెట్టండి. సాయంత్రానికి స్కూలు యూనిఫారాలు ఇచ్చెయ్యాలి,” అంది భార్య, పెరటి వసారాలో కుట్టుమిషను ఆపకుండా.

“పెరట్లో హత్యాప్రయత్నం జరుగుతుంటే యూనిఫారాలంటావేమిటే?”

ప్రాణాపాయంలో ఉన్నది ద్రాక్షతీగ. ఆమె అంటు తెచ్చి నాటి, పందిరి వేసి పెంచుకున్న తీగ. వానలు మొహం చాటేసిన ఆ ఎండల్లో కూడా గుత్తులు వేసింది. తీరా ఇప్పుడు ఆకుల మీద పసుపు మచ్చలు, అడుగున తెల్లటి పొడిలాంటిది. పిందెలు కూడా వడిలి రాలుతున్నాయి.

డిటెక్టివ్‌గారు పందిరి కిందికి వెళ్ళి ఆ పొడిని వేలికి అద్దుకుని, నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకున్నారు.

“మైదా.”

“ఇప్పుడేగా బిస్కెట్లు తిన్నారు. చెయ్యి కడుక్కుంటే కదా.”

“పరిశోధనను పక్కదోవ పట్టించకు. ఈ చుట్టుపక్కల మైదా బస్తాలు ఎవరింట్లో ఉన్నాయి?”

ఆమె కుట్టుమిషను ఆపేసింది. గోడకు అవతల ఉన్నది బేకరీ నడిపే వదిన. వరస కలుపుకున్నదే గానీ చుట్టరికం లేదు. అయినా పొద్దున్నే ఇద్దరూ ఆ గోడకు ఆనుకుని మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి పిల్లల గొడవల దాకా చెప్పుకుంటే తప్ప ఆమెకు రోజు మొదలయ్యేది కాదు.

“వదిన జోలికి వెళ్ళారంటే ఊరుకోను.”

“సాక్ష్యం చూసి మాట్లాడు. ఒక కొమ్మ గోడ దాటి వాళ్ళ వైపు పాకింది. దాని ఆకులు నవనవలాడుతున్నాయి. మన వైపే రోగం. తన వైపు కొమ్మ మీద ఎవరైనా మైదా చల్లుకుంటారా?”

ఆమె లేచేలోపే ఆయన గోడ దగ్గరికి చేరిపోయారు.

“చెల్లెమ్మా, నిజం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తాను. మా తీగ మీద మైదా ఎందుకు చల్లావు?”

వదిన పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. “నన్నేనా అన్నయ్యగారూ, మీరు అడుగుతున్నది?” అంటూ, ఆయన వెనకే వచ్చిన భార్య వైపు చూసింది. సిగ్గుతో ఆమెకు నోట మాట రాలేదు. ఆ మౌనాన్ని వదిన మరోలా అర్థం చేసుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు వదిన గోడ దగ్గరికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పిలిస్తే “పనుంది” అన్న మాట ఒక్కటే లోపల్నుంచి వినిపించేది. తీగ పోతే పోయింది గానీ, వదిన దూరమవడం ఆమె తట్టుకోలేకపోయింది.

డిటెక్టివ్‌గారు మాత్రం నిఘా పెంచారు. పందిరి కింద ఇనప కుర్చీ వేసుకుని, పేపరుకు కన్నం పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేవారు. పొద్దుగూకే వేళకు మాత్రం కాసేపు నిఘా ఆపి, పైపు అందుకుని, తీగను పై నుంచి కిందికి ఒక్క ఆకు వదలకుండా కడిగేవారు. డిపోలో బళ్ళు తిరిగొచ్చే వేళ అదే. దుమ్ముతో ఏ బండీ రాత్రి నిలబడకూడదన్న డిపో నియమాన్నే ఆయన ఎండాకాలమంతా తీగ మీదా పాటిస్తున్నారు.

ఒకరోజు శత్రువుకు కనపడకుండా కుర్చీని తీగ మొదట్లోకి లాక్కుని ధబాలున కూలబడ్డారు. కుర్చీ కాలు కింద పైపు ఉంది. ఆ సాయంత్రం పైపు మూతి నుంచి చుక్క రాలేదు. నీళ్ళన్నీ చిల్లులోంచి తీగ మొదట్లోనే ఇంకిపోయాయి.

“నీటి సరఫరా మీద దాడి. సాక్ష్యం ఎవరూ ముట్టుకోవద్దు,” అని ఆయన ఆజ్ఞ.

ఆమె ముట్టుకోలేదు. పొద్దున్నే కుళాయి తిప్పి మొదలు తడిస్తే చాలనుకుంది. మచ్చలు పడ్డ ఆకులు ఏరి దూరంగా పారేసింది. కొన్నాళ్ళకు లేత ఆకులు వచ్చాయి. తిప్పి చూస్తే అడుగున పొడి లేదు. ఆమె ఆ ఆకును గోడ దాటిన కొమ్మ ఆకుతో పోల్చి చూసి, మొగుణ్ణి పిలిచింది.

“ఏమండీ, మీ నిఘాలో ఈ తీగ దగ్గరికి ఎవరొచ్చారు?”

“ఈగ కూడా రాలేదు.”

“మరి దీన్ని ముట్టుకున్నదెవరు?”

“నేనే. పైపు పాడయ్యేదాకా రోజూ కడిగేవాణ్ణిగా.”

“గోడ అవతలి కొమ్మను కూడా కడిగారా?”

“చెల్లెమ్మ ఆరేసిన బట్టలు తడవవూ? అటు పడకుండా జాగ్రత్తగా పట్టుకునేవాణ్ణి.”

“అందుకే అది బాగుంది. సాయంత్రం తడిపితే ఆకులు తెల్లారేదాకా ఆరవు. ఆ తడిలోనే బూజు పట్టింది. దాహం వేరుకండీ, ఆకుకు కాదు. ఇది మీ బస్సు కాదు.”

డిటెక్టివ్‌గారు భూతద్దం తీసి తుడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. అనుమానితుల్లో మిగిలింది ఒక్కడే. భార్య చూపు తప్పించుకునే దారి లేక గోడ దగ్గరికి నడిచారు. ఆమె పక్కనే నిలబడి పిలిచింది. ఆ గొంతులో ఏం వినిపించిందో గానీ వదిన బయటికి వచ్చింది.

“చెల్లెమ్మా, కేసు తేలింది,” అన్నారాయన గొంతు సవరించుకుని. “మహా గడుసువాడు. నా నిఘాలోనే ఉంటూ ఇన్నాళ్ళూ నా కళ్ళుగప్పాడు.”

“ఎవరండీ?”

“నేనే.”

“ఆ రోజు నిన్ను అనుమానించి కాదు వదినా, సిగ్గుతో నోరు పెగల్లేదు,” అంది ఆమె. అంటుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వదిన ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “మరి నేరస్థుడికి శిక్షేమిటి అన్నయ్యగారూ?”

ఆయన నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. “రోజూ తెల్లారగానే లేచి, తీగ మొదట్లో నీళ్ళు పెట్టాలి. ఒక్క ఆకు తడిసినా శిక్ష పొడిగిస్తాం.”

బారెడు పొద్దెక్కితే గానీ మంచం దిగని ఆ మనిషి కాసేపు ఆకాశం వైపు చూశారు.

“న్యాయమే,” అన్నారు చివరికి. “కానీ వాడు పారిపోయే రకం. పక్కనే ఉండి నేను కాపలా కాస్తాను.”