మంచాల బిళ్ళలు మాయం

“ఈ ఓబలప్ప కండ్లు గప్పే దొంగ ఇంగా తల్లి కడుపులోనే ఉండాడు!”

వార్డంతా వినబడేలా ఈ ప్రకటన చేసి, ఓబలప్ప చక్రాల కుర్చీలో తన ఖాకీ కోటు సర్దుకున్నాడు. బంగారు గని గేటు దగ్గర ముప్పై ఏళ్ళు కూలీల జేబులు తడిమిన కావలివాడు. ఒక్క దొంగనూ పట్టింది లేదు. తన పేరు వినే దొంగలంతా ఊరొదిలి పోయారని ఆయన నమ్మకం. కడకు స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుని, గనిలో దెబ్బతిన్నవాళ్ళకు మళ్ళీ నడక నేర్పే ఈ వార్డుకు చేరాడు.

కొత్త నర్సు మునివెంకటమ్మకు ఈ ప్రతాపాలు వినే తీరిక లేదు. రాయల్పాడు నుంచి వచ్చిన మొదటి వారంలోనే ఒకరి వేడినీళ్ళ సంచి ఇంకొకరి నడుముకు కట్టింది. కాలు నేల మోపకూడని సొన్నప్పను లేపి నిలబెట్టబోయింది.

“ఇంకొక్క తారుమారు జరిగితే పెట్టె సర్దుకో పాపా,” అంది హెడ్ సిస్టర్ అక్కయమ్మ.

అందుకే మునివెంకటమ్మ గని వర్క్‌షాపులో ఉన్న మామ చేత గుండ్రటి రేకు బిళ్ళలు కోయించి, మంచం నంబర్లు వేసి, రంగులు పూసింది. ఎరుపైతే కాలు మోపరాదు, ఆకుపచ్చయితే నడిపించాలి, పసుపైతే కాపడం పెట్టాలి. ప్రతి మంచం తలాపున మేకుకు ఒకటి తగిలించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాటి నుంచి బిళ్ళలు మాయం కాసాగాయి.

“ఎవరినన్నా అడుగుతా తాతా,” అంది ఓబలప్పతో.

“అడిగితివా, కేసు చెడె! దొంగ జాగ్రత్త పడతాడు. గని గవర్నమెంటు చేతికి వచ్చినంక ఇంత పెద్ద కుట్ర జరగలే. ఆ రేకు కింద బంగారం ఉండాది!”

“మా మామ డబ్బా రేకు కోసిచ్చినాడు తాతా.”

“అట్లనే చెప్తారు అందరూ!”

రోజూ కూర్చునే కసరత్తు గది వాకిట్లోనే నిఘా మొదలుపెట్టాడు. మొదటి అనుమానం సొన్నప్ప మీద. చెంచాతో అతని కాలికట్టు మీద ఠకఠకా కొట్టాడు.

“ఇంత లావుగా ఎందుకుండాదప్పా ఇది?”

“లోపల కాలుండాది కాబట్టి! తియ్యి సామీ చెంచా!”

నాలుగో రోజుకు మేకులన్నీ బోసిపోయాయి. ఆ రోజే అక్కయమ్మ కసరత్తు గదికి వచ్చింది. పట్టుకుని నడిచే కమ్మీల మధ్య నిలబడిన ఓబలప్ప కుడివైపుకు ఒరిగిపోతున్నాడు.

“తుంటి సరిగ్గా అతకలేదా ఏమి? ఈయన బిళ్ళ ఏ రంగు?”

మునివెంకటమ్మ కమ్మీ దగ్గరికి జరిగింది. “బిళ్ళ... కనబడలేదు సిస్టర్.”

“మిగతావి యాడ?”

కళ్ళముందు రాయల్పాడు బస్సు కదిలింది.

“భయపడొద్దు పాపా!” గర్జించాడు ఓబలప్ప. “దొంగ ఈ గదిలోనే ఉండాడు! వాడే—” అని వేలు చూపడానికి కమ్మీ వదిలేశాడు. పడిపోతుంటే మునివెంకటమ్మ కోటు పట్టి లాగింది. అస్తరు పర్రున చిరిగింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ బిళ్ళలు గలగలా నేలంతా దొర్లాయి. ఒరిగిన మనిషి నిటారుగా నిలబడ్డాడు.

“నా బిళ్ళ!” అన్నాడు సొన్నప్ప. “నిన్న నీ చేతికే ఇస్తి గదప్పా!”

“నాకెందుకిస్తివి?”

“గేటుకాడ ఖాకీ కోటేసుకోని కూర్చోనుంటే, బిళ్ళ ఇయ్యకుండా ఎట్ల బయటికి వచ్చేది?”

గనిలోకి దిగేటప్పుడు మేకు నుంచి తన బిళ్ళ తీసుకోవడం, పైకొచ్చాక గేటు దగ్గర ఇచ్చేయడం ఈ గని కూలీలకు ఊపిరి తీసినంత అలవాటు. కసరత్తుకు వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ చేతులు ఆ పనే చేశాయి. అందుకునే చెయ్యికీ ముప్పై ఏళ్ళ అలవాటే. నోరు దొంగల గురించి మాట్లాడుతుంటే, చెయ్యి బిళ్ళలు చిల్లు జేబులో వేసుకుంటూ పోయింది; అవి అస్తరులోకి జారాయి.

అక్కయమ్మ కొంగుతో నోరు మూసుకుంది. “నీ పద్ధతి మంచిదే పాపా. ఈ వాకిట్లో కూడా మేకులు కొట్టించు. ముందు ఆ కోటు ఊడబెరుకు.”

ఓబలప్ప గొంతు సవరించుకున్నాడు. “ఏమైతేనేమి, దొంగను పట్టినామా లేదా?”

నిజమే. ఆయన జన్మలో పట్టిన మొదటి దొంగ.