ఇంటిల్లిపాదీ రెండో తరగతి

పిల్లల్ని బడిలో వేసే ముందు పలక కొనకండి, ఫోను నిలబెట్టే ట్రైపాడ్ కొనండి!

నవ్వకండి. ఇరవై రెండేళ్లుగా రెండో తరగతికి పాఠాలు చెబుతున్నదాన్ని, బాగా ఆలోచించే అంటున్నాను. పలక పగిలిపోతుంది. బలపాన్ని పిల్లలు తినేస్తారు. ట్రైపాడ్‌ని ఇంతవరకూ ఏ పిల్లా తిన్న దాఖలా లేదు.

కిందటేడు దాకా మా బడిలో చదువు చాలా వెనకబడి ఉండేది. పిల్లలు వచ్చేవారు, నేను చెప్పేదాన్ని, వాళ్లు వినేవారు, లేదా కిటికీలోంచి బయటికి చూసేవారు. అంతే! ఇంట్లోవాళ్లకు ఇందులో ఏ భాగమూ ఉండేది కాదు. ఎంత అన్యాయం! ఈ ఏడు ఆ లోటు తీరుస్తూ ఒక యాప్ వచ్చింది. హోంవర్కు ఇంట్లో చేయించాలి, ఫోటోనో వీడియోనో తీసి అందులో పెట్టాలి, నేను చూసి స్టార్లు ఇవ్వాలి. ఇప్పుడు నా తరగతిలో ముప్పై ఆరుమంది పిల్లలకు బదులు సుమారు నూట ఇరవైమంది చదువుకుంటున్నారు. పిల్లలు మాత్రమే కాస్త ఖాళీగా ఉంటున్నారు.

ఉదాహరణకు, అట్టముక్కలతో చిన్న ఇల్లు చేసి తెమ్మన్నాను. ఒక పిల్లవాడి తండ్రి వడ్రంగి. ఆయన తలుపులకు బందులు, కిటికీలకు గడియలు, మేడ మీదికి మెట్లు పెట్టి పంపాడు. మోసుకురావడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఆ ఇంటికి నా ఇంటికన్నా గాలీ వెలుతురూ బాగా వస్తున్నాయి.

"ఇందులో నువ్వేం చేశావురా?" అని పిల్లవాణ్ణి అడిగాను.

"ముట్టుకోబోయానండీ. నాన్న చెయ్యి మీద ఒక్కటిచ్చాడు."

చూశారా? తండ్రీకొడుకుల మధ్య ఎంత చక్కని భాగస్వామ్యమో! ఐదు స్టార్లు ఇచ్చాను.

ఎక్కాల పోటీ సంగతి చెబితే మీరు నమ్మరు. యాప్‌లో మా తరగతికి ఫస్టు వస్తున్నది ఒక బామ్మగారు. మనవడి పేరు మీద రోజూ ఆవిడే ఆడుతున్నారు. మొన్న ఆవిడ నాకు ఫోన్ చేసి నిలదీశారు.

"ఏమ్మా టీచరూ, నిన్న పదిహేడో ఎక్కంలో నాకు ఒక స్టార్ తగ్గించావేం?"

"మీకా, బామ్మగారూ?"

"అదేలే, మావాడికి. వాడికిది తెలియదు, నువ్వు చెప్పకు. బెంగపెట్టుకుంటాడు."

డెబ్బై నాలుగేళ్ల వయసులో చదువు మీద ఇంత శ్రద్ధ ఏ పద్ధతిలో వచ్చిందండీ ఇదివరకు? మనవడికి రెండో ఎక్కం ఇంకా రాదు. రాకపోతే ఏం? ఇంట్లో ఒకరికి వచ్చింది కదా!

ఇక తల్లిదండ్రుల గ్రూపు. రేపు తెల్ల సాక్సులా, నల్ల సాక్సులా అని ఒక తల్లి అడుగుతుంది. తెల్లవి అని నేను రాస్తాను. ఆ జవాబుకు ముప్పై ఐదు దండాల బొమ్మలు వస్తాయి. ఆ బొమ్మల కింద నా జవాబు కనపడకుండా పోతుంది. అప్పుడు ఇంకో తండ్రి, రేపు ఏ సాక్సులండీ అని అడుగుతాడు. మర్నాడు పిల్లలు ఒక కాలికి తెల్లది, ఒక కాలికి నల్లది వేసుకుని వస్తారు. తల్లిదండ్రుల మధ్య ఇంత సర్దుబాటు మీరెక్కడైనా చూశారా?

ఒకసారి ఒకాయన కొడుకు వేసిన బొమ్మకు బదులు పొరపాటున తన పన్ను ఎక్స్‌రే పంపాడు. ఆ రోజు ముప్పై ఐదు బొమ్మలు దిద్ది ఉన్నాను. అలవాటు కొద్దీ 'చాలా బాగుంది, గీతలు ఇంకొంచెం శుభ్రంగా రావాలి' అని రాసి మూడు స్టార్లు ఇచ్చాను. ఆయన మరునాడే పన్ను పీకించుకుని మళ్లీ ఎక్స్‌రే పంపాడు. ఈసారి ఐదిచ్చాను.

అన్నిటికన్నా గొప్పది చదివే వీడియో. ప్రతి పిల్లా రోజూ ఇంట్లో ఒక పేజీ పైకి చదవాలి, ఇంట్లోవాళ్లు వీడియో తీసి పంపాలి. ముప్పై ఆరు వీడియోలూ నేను వినాలి. ఎప్పుడు వినాలి? ఇంకెప్పుడు, బడి వేళలోనే! పిల్లలు నా ఎదురుగానే ఉంటారు. నేను చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్ చూస్తుంటాను. ఎవరైనా పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వస్తే, "ష్! వెళ్లి కూర్చో. నువ్వు చదువుతున్నది వింటున్నాను" అంటాను.

అన్నీ తెమలాలి కాబట్టి రెండింతల వేగంతో వింటాను. ఆ వేగంలో అందరి గొంతులూ ఒకేలా ఉంటాయి. పిల్ల గొంతో తల్లి గొంతో వెతుక్కోవలసిన శ్రమ ఉండదు.

మా తరగతిలో గువ్వ అని ఒక పిల్ల ఉంది. ఆ ముద్దుపేరు తోటిపిల్లలు పెట్టింది, మాట్లాడితే అంత చిన్నగా మాట్లాడుతుంది. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. గువ్వకు వరసగా తొంభై రోజులు ఐదేసి స్టార్లు వచ్చాయి. బడి మొత్తంలో అదే రికార్డు! మెచ్చుకుని సర్టిఫికెట్ ఇవ్వడానికి పైఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చారు. హాల్లో కుర్చీలు వేశాం. హెడ్మాస్టరుగారు కొత్త చొక్కా వేసుకున్నారు. తల్లి మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది.

గువ్వ పుస్తకం తెరిచి నిలబడింది. ఒక్క తడబాటు లేకుండా చదివింది.

"కుందేలు అడవిలోకి వెళ్లింది. ఇటు చూడు. కుందేలుకు చాలా ఆకలి వేసింది. గట్టిగా. దూరంగా ఒక ఎర్రటి పండు కనిపించింది. ముక్కులోంచి వేలు తియ్యి. కుందేలు పండు కోసం ఎగిరింది. అబ్బా, మళ్లీ మొదటినుంచి చెప్పు. కుందేలు ఇంటికి వెళ్లింది. ఇంక చాలు, పంపేస్తున్నా."

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లకు ఇందులో వింతేమీ కనపడలేదు. హెడ్మాస్టరుగారు కూడా కొట్టారు, ఆయన విననే లేదు. అధికారిణి మాత్రం కళ్లజోడు సవరించుకుని, "కుందేలు ముక్కులో వేలెందుకు పెట్టుకుందమ్మా?" అని అడిగారు.

"ఏమోనండీ, పుస్తకంలో ఉంది" అంది గువ్వ.

"సరే, పక్క పేజీ చదువు."

గువ్వ పేజీ తిప్పింది. చూసింది. చాలాసేపు చూసింది. తరవాత తల తిప్పి కుర్చీల వైపు వెతికి, "అమ్మా, చెప్పు" అంది.

తల్లి ముఖం ఎర్రబడిపోయింది. "వీడియో తీస్తూ ఒక్కో మాట అందించానండీ, అంతే" అంది లేచి నిలబడి. "మొదటి రోజు రెండు స్టార్లే వచ్చాయని అన్నం మానేసింది. ఈ ఒక్క రోజుకే అనుకున్నాను. తరవాత ఎలా మానాలో తెలియలేదు."

తొంభై రోజులు! తొంభై రోజులు నేను ఆ తల్లికి స్టార్లు ఇచ్చాను. ఆవిడ నిజంగా బాగానే చదువుతుంది, అందులో సందేహం లేదు. కానీ నాలుగడుగుల దూరంలో కూర్చునే పిల్లకు చదవడం రాదని నాకు తెలియలేదు. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను.

హెడ్మాస్టరుగారు మాత్రం ధైర్యం చెప్పారు. "ఇది మైకు లోపం అమ్మా. వెనక మాటలు వినపడకుండా చేసే మైకులు వస్తున్నాయి. తెప్పిద్దాం."

మర్నాడు నేను చేయకూడని పని చేశాను. ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. మిగతా పిల్లల్ని బొమ్మలు వేసుకోమని, వెళ్లి గువ్వ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ ఏడేళ్ల పిల్లల కోసం చేసింది. నా మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"ఇవన్నీ నాకు తెలుసు టీచర్" అంది గువ్వ, అక్షరాల మీద వేలు పెట్టి. "విడివిడిగా అయితే తెలుసు. పక్కపక్కన ఉంటేనే తెలియదు."

ఈ ముక్క నాకు ఏ వీడియోలోనూ వినపడలేదు. ఎలా వినపడుతుంది? చదివేటప్పుడు పిల్ల ఎక్కడ ఆగుతుందో, ఏ అక్షరం దగ్గర వేలు వణుకుతుందో యాప్‌కు అక్కరలేదు. దానికి ఒక నిమిషం నిడివి ఉంటే చాలు.

హాల్లో ఆగిపోయిన ఆ పేజీలో మొదటి మాట దగ్గర ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. నేను అందించలేదు. చెప్పేయాలని నాలుక దురద పెట్టింది, అయినా అందించలేదు. కూడబలుక్కుంటూ, తప్పులు దిద్దుకుంటూ, చివరికి "తా...బే...లు" అంది. ఒక్క క్షణం ఆగి, "తాబేలు! టీచర్, ఇది తాబేలు!" అని అరిచింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సాయంత్రం బీరువా తెరిస్తే ఫోన్‌లో యాప్ వారి సందేశం ఉంది. 'ఈ రోజు మీ తరగతిలో నేర్చుకున్న పిల్లలు: సున్నా.'

అది హెడ్మాస్టరుగారికీ వెళ్లింది. ఆయన నన్ను పిలిపించారు.

"ఏమిటమ్మా ఇది? ఇంత సర్వీసు ఉండి!"

"ఈ రోజు ఒక పిల్ల ఒక మాట చదివిందండీ."

"వీడియో ఉందా?"

"లేదండీ."

"మరి చదివిందని మీకెలా తెలుసు?"

"పక్కనే కూర్చున్నానండీ."

ఆయన నా వైపు చాలా జాలిగా చూశారు. కారణం రాసివ్వమని కాగితం చేతిలో పెట్టారు. రాసిచ్చాను. పాఠకులారా, మీ ముందు కూడా ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. బడి వేళలో, అందరూ చూస్తుండగా, పిల్లకు చదువు చెప్పాను. నన్ను క్షమించమని అడగడం లేదు. ఇంకా ముప్పై ఐదుమంది ఉన్నారు.