దమ్ములో ఉంగరం

ఆ శుక్రవారం పొద్దున మోయిజుద్దీన్ తన వాచీల దుకాణం తెరవలేదు. షాలిబండలో తన ఇంటి వంటగదిలో చొక్కా చేతులు పైకి మడుచుకుని నిలబడ్డాడు. జుమా నమాజు తర్వాత తోడల్లుడు ఇఫ్తెఖార్, వదిన నఫీసా భోజనానికి వస్తున్నారు. ఈసారి బిర్యానీ తనే వండుతానని మూడు రోజుల ముందే భార్య తస్నీమ్‌కు చెప్పేశాడు.

కారణం చిన్నదే. ఇఫ్తెఖార్ వండిన బిర్యానీ తిన్నప్పుడల్లా తస్నీమ్ మొదటి ముద్దకే కళ్లు మూసుకుని, అక్క భర్తను మెచ్చుకుంటూ "వాహ్, దుల్హేభాయ్!" అంటుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మోయిజ్ ఆ మాట ముప్పై ఒక్కసార్లు విన్నాడు. అందులో తన వాటాకు ఒక్కటీ రాలేదు. చచ్చిపోయిందని అందరూ వదిలేసిన గోడగడియారానికి తను ప్రాణం పోసిన రోజున కూడా ఆమె "ఊఁ, నడుస్తుందా?" అని ఊరుకుంది.

"గరిటె తీస్కోండ్రి అజీ," అంది తస్నీమ్, మాంసం గిన్నె ముందుకు జరుపుతూ.

"మీ దుల్హేభాయ్ గరిటెతోనే కలుపుతడా?"

"లేదు, చేత్తోనే."

"మరి నాకు చేతుల్లేవా?"

పెరుగు, పచ్చి బొప్పాయి ముద్ద, వేయించిన ఉల్లిపాయలు, పుదీనా మాంసానికి పట్టేలా మణికట్టు దాకా ముంచి కలిపాడు. దాన్ని రాగి గంజులో వేసి, పైన సగం ఉడికిన అన్నం పరిచాడు. తడిపిన గోధుమపిండిని తాడులా చేసి మూత చుట్టూ అంటించాడు. మూత మీద నిప్పులు పోసి, తృప్తిగా చేతులు కడుక్కుంటుంటే వేలు ఎందుకో తేలిగ్గా తోచింది. చూసుకుంటే ఉంగరం లేదు. ఫిరోజా రాయి పొదిగిన వెండి ఉంగరం. నిఖా నాడు తస్నీమ్ పుట్టింటివాళ్లు ఇచ్చింది.

దమ్ మీద ఉన్న గంజు తెరిస్తే ఆవిరి పోతుంది. ఆవిరి పోతే వాహ్ పోతుంది. తెరవకపోతే ఉంగరం ఎవరి పంటి కిందైనా పడుతుంది. ఎవరి పంటి కింద పడినా ఫరవాలేదు, ఇఫ్తెఖార్ పంటి కింద మాత్రం పడకూడదు. పడిందంటే వచ్చే పదేళ్లపాటు బంధువుల పెళ్లిళ్లన్నింటిలోనూ ఆయన ఈ కథే చెబుతాడు. అందుకని మోయిజ్ ఎవరితోనూ అనలేదు. ఉంగరం మూత చుట్టూ పెట్టిన పిండిలోనే ఉండాలని దువా చేసుకుని నమాజుకు వెళ్లొచ్చాడు.

అతిథులు వచ్చారు. మోయిజ్ గంజు ముందు కూర్చుని, గట్టిపడిన పిండిని ఊడదీసి, ముక్క ముక్కా చిదిమి చూడసాగాడు.

"మియా, బిర్యానీ లోపల ఉంటది," అన్నాడు ఇఫ్తెఖార్ దిండుకు ఆనుకుంటూ. "నువ్వు మూత నుంచే మొదలుపెట్టినవేంది?"

పిండిలో ఏమీ దొరకలేదు. తలెత్తి చూసేసరికి తస్నీమ్ అప్పుడే పొరుగింటి వాటాగా మొదటి హిస్సా పళ్లెంలో పెట్టి, గోడ అవతలి కరీమా ఖాలాకు అందించేసింది. ఖాలాకు ఒక్క పన్నూ లేదు. ఆమె నమలదు, మింగుతుంది. మోయిజ్ చెప్పుల్లేకుండా పరుగెత్తాడు.

"ఖాలా, ఆగుండ్రి! నమిలి తినుండ్రి!"

"దేంతోని నమలాలె బిడ్డా? నీ పండ్లిస్తవా?"

"అయితే ఆ పళ్లెం ఒక్కసారి ఇటియ్యుండ్రి."

ఖాలా పళ్లెం ఇవ్వలేదు. గల్లీ అంతా వినబడేలా కేక పెట్టింది. "యా అల్లా! ఇచ్చిన హిస్సా ఎనకకు అడుగుతుండు! ఇంట్ల చుట్టాలకు చాల్లేదేమో పాపం!"

ఆ గల్లీ జాలిగల గల్లీ. పావుగంటలో ఏడు గిన్నెలు వచ్చాయి. ఒకరు దాల్చా, ఒకరు బగారా అన్నం, కొత్తగా పెళ్లయిన ఎదురింటి అమ్మాయి తన కోసం దాచుకున్న నాలుగు కబాబులు. "మొహమాటపడకుండ్రి," అని గుమ్మంలోనే పెట్టి, మోయిజ్ మొహం చూడకుండా మర్యాదగా వెళ్లిపోయారు.

"మంచి గల్లీ మియా," అన్నాడు ఇఫ్తెఖార్. "మా దిక్కు పిలిచినోళ్లే వండుతరు."

వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం అక్కడ ఎవరికీ తెలియదు. తస్నీమ్ ఏడు గిన్నెల్లోనూ బిర్యానీ నింపడం మొదలుపెట్టింది. ఏడు ఇళ్లు, ఒక ఉంగరం. మోయిజ్ ఆమె చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. ఒక్కో గిన్నెలో అన్నాన్ని వేళ్లతో తడిమి, ముక్కలు విడదీసి చూసి మరీ పంపాడు.

తర్వాత భోజనానికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ దగ్గర మోకాళ్ల మీద వంగి, అందరి పళ్లాల్లోనూ అదే పని. తస్నీమ్ పళ్లెంలో ఎముకలన్నీ ఏరి పక్కన పెట్టాడు. నఫీసా పళ్లెంలోనూ అంతే. ఇఫ్తెఖార్ పళ్లెం రెండుసార్లు వెతికాడు.

"ఏంది మియా, విషం గిట్ల కలిపినవా?"

"ఎముక గుచ్చుకుంటదేమోనని, భాయ్."

నఫీసా ముద్ద కింద పెట్టేసింది. "చూసిన్రా?" అంది భర్తతో. "ముప్పై ఏండ్ల సంది నా పళ్లెంల ఎముకున్నదో లేదో మీరొక్కనాడన్న చూసిన్రా? వండి నవాబు లెక్క కూసుంటరు. మేం పొగుడుకుంట తినాలె."

ఇఫ్తెఖార్ మోయిజ్ వైపు చూశాడు. అది మోయిజ్‌కు బాగా తెలిసిన చూపు. ఇరవై రెండేళ్లుగా అద్దంలో చూస్తున్నదే.

గంజు అడుగు కనిపించింది. ఉంగరం కనిపించలేదు. మోయిజ్ గరిటె వదిలేసి కూలబడ్డాడు. "తస్నీమ్, నిఖా ఉంగరం బిర్యానీల పడ్డది. ఎవరో మింగేసిన్రు."

ఇఫ్తెఖార్ చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్లింది.

తస్నీమ్ దుపట్టా కొంగు ముడి విప్పి ఉంగరం తీసింది. "నల్లా గట్టు మీద పెట్టి మరిచిపోయిన్రు. పొద్దున్నే ముడేసుకున్న."

దుకాణంలో పని ముట్టుకునే ముందు ఉంగరం తీసి పక్కన పెట్టడం అతని చేతికి అలవాటు. చేయి తన పని తాను చేసింది, మనసుకు చెప్పలేదు.

"మరి చెప్పలేదేం?"

"మీరు ఖాలా ఇంటికి ఉరికినంక యాదికొచ్చింది. గిన్నెల గడబిడ అయినంక చెప్దామనే అనుకున్న." ఆమె తల వంచుకుంది. "అంతల మీరొచ్చి నా పళ్లెంల ఎముకలు ఏరబట్టిన్రు. ఎట్ల చెప్తా?"

ఉంగరం తనే అతని వేలికి తొడిగింది. తొడిగి, చిన్నగా "వాహ్" అంది.

"బిర్యానీకేనా?" అన్నాడు మోయిజ్ ఆశగా.

"బిర్యానీ ఎప్పుడో చల్లారింది."

తర్వాతి శుక్రవారం ఇఫ్తెఖార్ ఇంట్లో పిలుపు. ఆయన దిండు దరిదాపులకు పోలేదు. అందరి ముందూ మోకాళ్ల మీద వంగి, ఎముకలు ఏరుతూ, మధ్యమధ్య నఫీసా వైపు చూసుకుంటూ వడ్డించాడు. ముందుజాగ్రత్తగా తీసి దాచేయడంతో ఆయన వేలికి ఉంగరం లేదు. ఆ హడావిడిలో బిర్యానీలో ఉప్పు కూడా లేదు.

మోయిజ్ రెండోసారి అడిగి వేయించుకున్నాడు.