కదిరప్ప ఎద్దు తోక

"రాస్తే మావాడు సచ్చిపోతాడేమో సార్," అంది సుంకులమ్మ, ఆఫీసరు ఇంకా చెప్పులు కూడా విడవకముందే. మావాడంటే కదిరప్ప. ఆరు వందల ఏళ్ల కిందట యుద్ధానికి బయలుదేరి, తన పాట పూర్తికానందువల్ల ఇంకా చావక, ఆ సమయానికి వసారాలో కూచుని రాగిసంగటి తింటున్న వీరుడు.

ఇందులో వింతేమీ లేదు. పాటలో పక్క సీమ దొర మనుషులు ఊరి గొడ్లను తోలుకుపోతే, గొడ్లు కాసే కదిరప్ప బల్లెం పట్టి తన మబ్బురంగు ఎద్దు మీదికి ఎక్కుతాడు. తల్లి వెనక నుంచి ఎద్దు తోక పట్టుకుంటుంది. సుంకులమ్మ అత్త, ఆ అత్తకు అత్త, అందరూ పాట అక్కడే ఆపేవారు. వినేవాళ్లూ అక్కడే చాపలు చుట్టుకుని లేచేవారు. తల్లి వదల్లేదు గనక ఎద్దు కదల్లేదు. ఎద్దు కదల్లేదు గనక కదిరప్ప పోలేదు. పోనివాడు చావడు. ఆ ఇంటికి వచ్చిన ప్రతి కోడలికీ పాటతోపాటు కదిరప్పనూ, అతని ఎద్దునూ అప్పగించేవారు. సుంకులమ్మకు అప్పగించి ముప్పై ఏళ్లయింది. అన్నేళ్లూ అతను తుమ్మితే కామెర్లన్నది, బావి వైపు పోతే కాలు జారిందన్నది. ఆరు వందల ఏళ్లు బతికినవాడన్న ధైర్యం ఆమెకు ఒక్కనాడూ కలగలేదు.

అలాంటి సమయంలో వీరగాథల నమోదు కార్యాలయం నోటీసు వచ్చింది. ఉగాదిలోగా పుస్తకంలోకి ఎక్కని వీరులు అసలు పుట్టనే లేదని భావించబడును. సుంకులమ్మ ఐదో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని నాలుగుసార్లు చదివింది. పుట్టనే లేదంటే తను ఇన్నేళ్లూ సంగటి పెట్టింది ఎవరికి? భయపడి తనే ఆఫీసరుకు కబురంపింది.

ఆఫీసరు సదాశివరావు అంతకుముందే నలభై మంది వీరులను నమోదు చేసినవాడు. రాసింది రాసినట్టే వీరుడికి వర్తిస్తుందని, సూది మందు కాస్త నొప్పెడుతుందని చెప్పినంత మామూలుగా చెప్పి, కలం తీశాడు.

సుంకులమ్మ పాడింది. మొగుడు నర్సప్ప గుమ్మెట వాయించాడు. ఆమె మబ్బు ఎద్దు అంటే సదాశివరావు శ్వేతాశ్వము అని రాశాడు. వీరుడు ఎద్దెక్కితే పుస్తకం ఒప్పుకోదట. దొడ్లో ఎద్దు సకిలించింది. సేద్యం ఎట్లా అని నర్సప్ప అడిగాడు. ఫారంలో సేద్యానికి గడి లేదన్నాడు ఆఫీసరు. నర్సప్ప కాడిని దొడ్డి మూలకు ఆనించి వచ్చాడు.

గొడ్లు కాసే ఇల్లన్నది రాజవంశమైంది. కదిరప్ప భుజాన గొంగడి పట్టువస్త్రమైంది. అతను సంగటి ముద్ద పక్కకు నెట్టాడు. సుంకులమ్మ పరుగున వెళ్లి నుదురు తాకి చూసింది.

"జరం వచ్చినట్టుంది సార్."

"జ్వరం కాదమ్మా. వంశం."

తరువాత తోక వచ్చింది. దానికోసమే సుంకులమ్మ అంతదాకా పాడింది. గుర్రమైతే గుర్రం, తోక ఉంటే చాలనుకుంది. సదాశివరావు కలం ఆపి, మహారాణి తోక పట్టుకుని వేలాడటం బాగుండదని, తిలకం దిద్ది నవ్వుతూ పంపుతుందని రాయాలని చెప్పాడు.

"యా తల్లి పంపుతాది సార్, నగుతా?"

నలభై పుస్తకాల్లోనూ తల్లులు అట్లాగే పంపారని ఆయన అన్నాడు. ఆ పాటలు పాడినవాళ్లలో ముప్పైతొమ్మిది మంది మొదట మీలాగే తల్లి వదలదని పాడారని కూడా దాచకుండా చెప్పాడు.

"పాటలో ఏడవచ్చమ్మా. పుస్తకం పిల్లలు చదువుతారు. రేపు వాళ్లూ పోవాలి కదా."

తోకతోనే ముగించి కింద ఖాళీ వదిలేయమని ఆమె బతిమాలింది. ముగింపు గడి నింపనిదే అచ్చుకు పోదన్నాడు. అచ్చుకు పోకపోతే కదిరప్ప పుట్టలేదు. పోతే ఉండడు. సుంకులమ్మ లేచి దొడ్లోకి వెళ్లి, గుర్రం తోకను రెండు చేతులా చుట్టి పట్టుకుంది. ఆఫీసరుకు ఇది కొత్త కాదు. కలానికి మూత పెట్టి, సంచిలోంచి ఫారాలతోపాటు ఇచ్చే కుంకుమ భరిణె తీసి ఆమె చేతికందేలా దొడ్డి గోడ మీద పెట్టాడు. కదిరప్పనే అడగమన్నాడు.

"నువ్వు చెప్పు నాయనా," అంది ఆమె. "నేను ఇడిస్తినా ఎప్పుడైనా?"

కదిరప్ప ఆమె వైపు చూశాడు. రోజూ ఉప్పు తక్కువైందని సణిగే ఆ నోరు తెరుచుకుంది.

"జననీ, తిలకము దిద్దుము. వేళ మించుచున్నది."

ఐదో తరగతి చదువుకు ఆ మాట బాగానే అర్థమైంది. నర్సప్ప గుమ్మెట బోర్లించాడు. పళ్లెంలో సంగటి ఎండి పగుళ్లిచ్చింది. గుర్రం రెండుసార్లు కాలు మార్చింది. సదాశివరావు తొందర పెట్టలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, మరి రాసుకోమంటారా అని మెల్లగా అడిగాడు.

వసారా నీడ దొడ్డి దాకా పాకేసరికి సుంకులమ్మ తోకలోంచి ఒక చెయ్యి విడిపించుకుంది. ఆ చేత్తోనే భరిణె మూత తీస్తూ, అప్పుడు జవాబిచ్చింది.

"రొంత నగుతా దిద్దల్ల కదా సార్, ఇప్పుడు?"