నాలుగంగుళాలు, నాలుగు చుట్లు

ఆదివారం పొద్దున ఆరున్నరకు కరీంనగర్‌లో బయలుదేరితే తొమ్మిదిన్నరకల్లా నిర్మల్. పదకొండింటికి మరదలు ప్రజ్ఞ నిశ్చితార్థం. పెళ్లికొడుకు ఉంగరం పెద్దల్లుడు తారక్ చేతుల మీదుగా రావాలని మామ చొక్కారావు ముచ్చట. అందుకే ఉంగరాన్ని ఇక్కడ ఉంచి, తను ముందురోజే బంధువులతో వెళ్లిపోయాడు. తారక్ చేయవలసిందల్లా ఉంగరంతోనూ భార్య మధులికతోనూ వేళకు చేరడం. దానికి బస్సు చాలు. కానీ ఇంట్లో జీపు ఉంది.

జీపు పాతదే, దాని ఎత్తు కొత్తది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే తారక్ గుట్టలూ వాగులూ ఎక్కి దిగాలన్న కోరికతో దాన్ని కొని, స్ప్రింగులు మార్పించి నాలుగంగుళాలు పైకి లేపించాడు. ఇంతవరకు అది దాటిన వాగు, వాళ్ల సందులో నిలిచే వాననీళ్లు. ఎత్తు పెరిగిన నాటి నుంచి బండి రోడ్డు మీద నిలకడగా పోవడం మానేసింది. మెకానిక్ ఖయ్యూం కిందికి దూరి చూశాడు. ముందు ఇరుసును పట్టుకునే కంట్రోల్ ఆర్ములు ఈ ఎత్తుకు పొట్టివైపోయి ఇరుసును వెనక్కి లాగుతున్నాయని, పొడుగువి వేస్తే సరిపోతుందని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి అతనికి అరనిమిషం పట్టింది. ఆర్ములు ఎంచుకోవడానికి తారక్‌కు మూడు నెలలు పట్టింది.

ఒకే పొడవుండేవా, మరలు తిప్పి పొడవు మార్చుకునేవా? కీలు దగ్గర రబ్బరు బుష్షా, ఉక్కు జాయింటా? జీపులవాళ్ల ఫోన్ గ్రూపులో అడిగితే రెండు వందల మంది రెండు మతాలుగా చీలిపోయి, ఒకరి బండిని ఒకరు తిట్టుకున్నారు. తారక్ నోటుబుక్కు నిండా బాణం గుర్తులు గీశాడు. మధులిక ఒక్క చీరకు అరగంట తీసుకుంటుందని ఎప్పుడూ దెప్పేవాడు, ఆ మూడు నెలలూ ఆ ప్రస్తావన తేలేదు.

చివరికి మరలవే తెప్పించాడు. శనివారం ఖయ్యూం వాటిని బిగించి, రెండు పక్కలా సమానంగా పెట్టి, "సార్, గీ నట్లు జర ముట్టకుండ్రి. సోమవారం అలైన్‌మెంట్ జేస్త" అన్నాడు.

ముట్టుకోవద్దనే మాట తెలియనివాళ్లకు చెప్పేదని తారక్ నమ్మకం. ఆదివారం తెల్లవారగానే టేపు తెచ్చి, టైరు నుంచి బంపరు దాకా కొలిచాడు. కుడిపక్క పదిహేను మిల్లీమీటర్లు ఎక్కువ. ఖయ్యూం చదువు మీద జాలిపడి, కుడి ఆర్మును నాలుగు చుట్లు తిప్పి పొడవు పెంచి, నట్టు బిగించి, చేతులు కడుక్కున్నాడు.

ఊరు దాటాక బండి ఎడమకు మొగ్గింది. తారక్ స్టీరింగును కుడికి పట్టి ఉంచి, నత్తనడకన నడిపాడు. పట్టు సడలినప్పుడల్లా జీపు రోడ్డు దిగి జొన్నచేను చూసి రావాలని ముచ్చటపడింది. జగిత్యాల దారిలో పోలీసులు బండి తూలడం చూసి ఆపి, ఊదమన్నారు. ఊదాడు, సున్నా. మళ్లీ ఊదాడు, మళ్లీ సున్నా. కానిస్టేబుల్‌కు అనుమానం తీరక తనే ఎక్కి పది గజాలు నడిపి దిగాడు.

"సార్, తాగింది మీరు గాదు. బండి."

ఈ తీర్పు వినకుండానే పక్కనుంచి ఒక కారు వెళ్లిపోయింది. అందులో చొక్కారావు అన్న కొడుకు లక్ష్మణ్ ఉన్నాడు. అతనికి కనిపించింది ఊదడం వరకే. వెంటనే నిర్మల్‌కు ఫోన్ చేశాడు.

"కాకా, బావ పొద్దుగల్లనే మొదలువెట్టిండు. పోలీసులు వట్టుకున్నరు."

చొక్కారావు ఫోను స్పీకర్లో ఉంది. పక్కనే కాబోయే వియ్యంకుడు, పెళ్లికొడుకు తండ్రి నాగయ్య ఉన్నాడు. తమ ఇంట్లో ఎవరికీ మందు వాసన కూడా తెలియదని చొక్కారావు ఆయనకు అప్పటికి మూడుసార్లు చెప్పి ఉన్నాడు. ఏం చెప్పాలో తోచక, అల్లుడికి తల తిరిగే జబ్బుందని, చూసేవాళ్లకు తాగినట్టు అనిపిస్తుందని అనేశాడు. నాగయ్య అక్క బాలవ్వ అది వంశంలో వచ్చేదా అని అడిగింది. అల్లుడి జబ్బు మరదలికి ఎలా వస్తుందని ఎవరికీ తట్టలేదు. నాలుగు రోజులు ఆగి చూద్దామన్న మాట మగపెళ్లివాళ్ల వైపు నుంచి మెల్లగా వినిపించింది.

చొక్కారావు పెరట్లోకి వెళ్లి కూతురికి ఫోన్ చేసి, అల్లుడు ఎలా ఉన్నాడని అడిగాడు. కూతురు అప్పటికి రెండు గంటలుగా పళ్లు బిగపట్టుకొని కూర్చుంది.

"ఏం జెప్పాలె బాపూ. ఎడమదిక్కే గుంజుతుంది. చేతులు తిమ్మిరెక్కినయట" అని పెట్టేసింది.

చొక్కారావు అక్కడి నుంచే డాక్టరుకు కబురు పెట్టాడు. తను అల్లిన అబద్ధాన్ని దేవుడు నిజం చేశాడనుకున్నాడు. అల్లుడికి పక్షవాతం.

పన్నెండుకు పది నిమిషాల ముందు జీపు వచ్చేసరికి వాకిట్లో మంచం వేసి ఉంది, డాక్టరు నిలబడి ఉన్నాడు. చచ్చుబడిన చేతులతో, కుడికి ఒరిగిపోయిన మెడతో తారక్ ఆ ఎత్తు నుంచి దిగబోయాడు. నలుగురు ఎత్తుకొని పడుకోబెట్టారు. అతను ఏదో చెప్పబోతే, మాట్లాడితే నరాలకు మంచిది కాదని బాలవ్వ అతని నోరు మూసింది. డాక్టరు నాలుక చూపించమన్నాడు.

"ఆయనకేం గాలే. అయింది బండికి. జేసింది ఆయన" అంది మధులిక.

నాగయ్య బెల్లంపల్లి గనుల వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. కొత్త పట్టుపంచెతోనే జీపు కిందికి దూరి, కాసేపటికి తల బయట పెట్టాడు.

"చక్రాలు సీదగ వెట్టి కొల్చినవా అల్లుడూ?"

పొద్దున స్టీరింగు ఒక పక్కకు తిరిగే ఉందని, ఆ పదిహేను మిల్లీమీటర్లు దాని వల్లేనని తారక్‌కు అప్పుడు తట్టింది. డాక్టరు అడగకపోయినా నాలుక ఇంకోసారి బయటపెట్టాడు. నాగయ్య పానా అడిగి తీసుకొని, నాలుగు చుట్లు వెనక్కి తిప్పి, పంచె దులుపుకొని లేచాడు. తాగుడూ కాదు, రోగమూ కాదు, ఇక ఆగే పని లేదన్నాడు. పంతులు పన్నెండున్నరకు ఇంకా మంచి ముహూర్తం ఉందని కనిపెట్టాడు.

తారక్ ఉంగరం తొడుగుతుంటే పెళ్లికొడుకు అమిత్ ముందుకు వంగి, మెల్లగా అన్నాడు. "అన్నా, పోయిన వారమే నేను గూడ పాత జీపు గొన్న. ఇంట్ల ఇంక చెప్పలే. ఆరంగుళాలు లేపుదామనుకుంటున్న. ఆర్ములు ఏవి మంచియంటవ్?"

పొద్దుటి నుంచి మొదటిసారి తారక్ ముఖం వెలిగింది. పక్కనే నిల్చున్న మధులిక ఆ మాట విని, చెల్లెలి వైపు చూసింది.

మధులిక కళ్లలో నీళ్లు ఆనందబాష్పాలనుకొని ఫోటోగ్రాఫర్ మూడు ఫోటోలు తీశాడు.