లగునా తీరమున పిపీలికా సంగ్రామము

మనీలా నగరమునకు దాపున, కొబ్బరితోపుల నెత్తిన ఎండ కాచి పోయు లగునా సీమలో, ఆకు కదలని నదీతీరమున, పంతొమ్మిదివందల డెబ్బదిమూడవ సంవత్సరపు ఏప్రిల్ మాసమున, కోళ్ళు సైతము కూత మాని నీడ వెదకుకొను మట్టమధ్యాహ్నవేళ, అమెరికా దొరలు అట్టముక్కలతోను వెదురుబద్దలతోను కట్టించిన భయంకర కారాగారము ముంగిట, పదునొకండు చిత్రములలో ముప్పదినాలుగు మారులు మరణించియు ఒక్కమారైనను ముఖము చూపనేరని వీరుడొకడు తన ముప్పదియైదవ మరణమునకు నడుము బిగించెను. అతడు ఆజానుబాహుడు కాడు. పంటినొప్పి కలవాడు. పేరు ఎలెయుతెరియో, ఊరివారు తెర్యో అందురు.

అతడు నేనే. వినువారు వినుడు. పని ఉన్నవారు పోవచ్చు.

ఆ చిత్రకథ చెప్పెద. ఆరుగురు అమెరికా సుందరులు మా అడవిలోని చెరసాలనుండి పారిపోవుదురు. ఏల పట్టుబడిరో ఎవరికిని తెలియదు; కథ వ్రాసిన దొరకును తెలియదు. వారు ఏ ముళ్ళకంచె దాటినను రవికయే చినుగును గాని దేహమున గీత పడదు. వారి తుపాకులకు గుండ్లు తరుగవు. వారు కాల్చిన ప్రతి గుండుకును మాలో ఒకడు కూలవలెను. అట్టి చిత్రములలో మనుష్యులు చవక, ఫిల్ము ప్రియము.

కావున మా వృత్తికొక ధర్మము కలదు. ఉదయమున చెరసాల కాపరియై కూలినవాడు, అన్నము తిని, చొక్కా మార్చి, మధ్యాహ్నమున తిరుగుబాటుదారుడై కూలును. పొద్దు వాలువేళకు ఏ పాపమెరుగని పల్లెవాడై మరల కూలును. ఇందులకై చచ్చినవాడు బోర్లా పడవలెను. ముఖము కనబడెనా, ఆ చిత్రమున అతనికిక చావు లేదు. అందుచేత నేను పదునొకండు చిత్రములందును వీపుగానే ప్రకాశించితిని.

ఈ ధర్మసూక్ష్మము మా అత్త బాస్యోన్‌కు తెలియదు. మా ఊరి సినిమాహాలు ఆఖరి వరుసలో కూర్చొని, వేయించిన వేరుసెనగలు నములుచు, ఆమె నిండు సభలో అడిగెను:

“ఏదీ, నువ్వెక్కడ?”

“అదిగో అత్తా, గోడ పక్కన. ఆ వీపు నాదే.”

“అల్లుడూ, అలాంటి వీపులు మన సంతలో నాలుగొందలున్నాయి. సినిమా అని చెప్పి కోడిపందాలకి పోతున్నావు. నా కూతురు పిచ్చిది, నమ్ముతుంది.”

నా భార్య కోన్సింగ్ నా వీపు వైపు ఒకసారి చూసింది, తెర వైపు ఒకసారి చూసింది. ఆ రెండు చూపుల నడుమ నా పరువు వేలాడెను.

ఇట్లుండగా ఆనాడు మా దెబ్బలాటల మేస్త్రి ఊస్తింగ్, నలుబదిమంది మృతవీరులు అరటాకులు పరచుకొని ఎండుచేపలు తినుచుండగా వచ్చి పిలిచెను.

“ఒరే తెర్యో, ఇవాళ దొరకి ఒక మొహం కావాలిట. వెల్లకిలా, కళ్ళు తెరుచుకుని చావాలి.”

“ఎంతసేపన్నా?”

“కథానాయిక వచ్చి, నిన్ను చూసి, నిన్ను దాటి పోయేదాకా. ఫిల్ము ఒక్కసారికే ఉంది. మిగతాది మనీలా నుంచి సోమవారం వస్తుంది, ఆవిడ విమానం రేపు పొద్దున్నే. నువ్వు కదిలావో, నీ మొహం కోసేసి ఆ కొబ్బరిచెట్టు చూపిస్తాడు.”

“చెట్టుకన్నా నేను నయం కదన్నా?”

“దొర ఇంకా తేల్చుకోలేదు.”

సరి. నేను తిన్నగా నెత్తురు వండు పోన్సో కడకు పోయితిని. ఇతర దేశముల నెత్తురు ఎట్లుండునో ఎరుగను. మా పోన్సో మాత్రము బెల్లము పాకము పట్టి, అందులో ఎర్రరంగు గింజలు నానవేసి, అట్లకాడతో తిప్పి నెత్తురు దించును. మనిషికి రెండు గరిటెలు.

“ఇంకో గరిటె పొయ్యన్నా.”

“ఒక్క గుండుకి ఇంత నెత్తురెక్కడిదిరా? చాల్లే.”

“మా అత్త ఆఖరి వరసలో కూర్చుంటుంది. అక్కడికి కనపడాలి. మెడ మీద కూడా. చెవి దగ్గర కొంచెం.”

“తియ్యటి సరుకురా ఇది. ఎండలో పడుకునేవాడివి. తర్వాత నన్ననకు.”

అనను అంటిని. ఆశాపాశబద్ధుడనై, గురుజన హితవాక్యము పెడచెవిని పెట్టి, ఆ పెడచెవినే పాకముతో తడిపించుకొని, కెమెరాకు వెలుతురు చక్కగా తగులు స్థలమొకటి నేనే వెదకి ఎంచుకొంటిని. అది ఎర్రచీమల రాజమార్గము.

అంతట చిత్రము తీయు డోలన్ దొర చేయెత్తెను. తుపాకులు పటపట మ్రోగెను. నేను రెండు చేతులు చాచి, ఒకసారి గిర్రున తిరిగి, పెనుగాలికి కూలు పోకచెట్టువలె వెల్లకిల కూలితిని. నా పక్కన డోరో అను మిత్రుడు యథావిధిగా బోర్లా చచ్చెను. కెమెరా చిటచిటలాడుచు నా ముఖము మీదికి వంగెను.

అప్పుడు గదా, మధుగంధాకృష్టమై, తామ్రవర్ణ దేహచ్ఛాయలతో నేల నిప్పుకణికలు చల్లినట్లు మెరయుచు, పదాతులు ముందును నాయకులు వెనుకను నడువ, దాడలు నూరుచు, మీసములు త్రిప్పుచు, నా చీలమండ అను బాహ్యదుర్గమును ముట్టడించి, మోకాటి గట్టు దాటి, నాభీకుహరమున క్షణమాత్రము విడిదిచేసి, రొమ్ముపై రక్తపు మడుగున తృప్తిగా జలకములాడి, పిపీలికాసేన కంఠసీమకు ఎగబ్రాకెను. నేను మనసునందే గర్జించితిని:

“ఓరీ పిపీలికాధమా! ముప్పదినాలుగు మారులు మృత్యుముఖమున ప్రవేశించి, సాయంకాలమునకు అన్నమువేళ తప్పక లేచివచ్చిన నన్నా నీవు కదలించునది? నా రెప్ప వాలవలెనన్న సూర్యుడు వాలవలెను! నిలు, నీ కుట్టుదనమెంతయో చూచెద!”

చీమ బదులు చెప్పలేదు. కుట్టింది.

మా చిత్రములకు మాటలు తరువాత వేరుగా అతికించుదురు గనుక, బోర్లా పడ్డ శవములకు మాటలాడు స్వేచ్ఛ కలదు. వెల్లకిల శవమునకు లేదు.

“తెర్యో,” అన్నాడు డోరో మట్టిలోకి. “నీ మెడ మీద పెళ్ళి ఊరేగింపు పోతోందిరా.”

నేను శవమును.

“చెవిలోకి తిరిగిందిరోయ్. ముందరది కొంచెం లావుగా ఉంది, పెళ్ళికొడుకనుకుంటా.”

నేను శవమును.

“నవ్వకు బావా, దొర చూస్తున్నాడు. ఏం భయపడకు, మీ అత్తకి నేను చెప్తాలే, తీపి ఎక్కువై పోయాడని.”

కడుపులో నవ్వు, చెవిలో నిప్పు, కంటిలో సూర్యుడు. ఈ మూడు వైరుల నడుమ కథానాయిక వచ్చెను. వచ్చినామె దాటవచ్చును గదా! దాటదు. నన్ను చూచి జాలిపడెను. జాలి ఆమెకు కథలో లేదు, ఆనాడే పుట్టెను. ఆమె నిట్టూర్చుచున్నంతసేపు ఒక చీమ నా కనుబొమ్మ మీద నిలిచి, కంటి కొలకువైపు దారి చూచుకొనుచుండెను. నా కాలి బొటనవ్రేలు చెప్పులో పాములాగా మెలితిరిగెను. కాలు కెమెరాలో లేదు. కంటినుండి నీటిబొట్టొకటి ఒలికెను. దానిని నేనాపలేకపోతిని, ఒప్పుకొనుచున్నాను.

ఆమె దాటెను. కెమెరా చిటచిట ఆగెను.

“ఫిల్ము అయిపోయింది!” అని కేక.

తరువాత జరిగినది వీరగాథకు తగదు. శవము లేచి, అరచుకొనుచు, చొక్కా విసరి, నలుబదిమంది మృతులు పొట్టలు పట్టుకొని నవ్వుచుండగా నదిలో దూకెను. డోలన్ దొర ఊస్తింగ్‌తో ఏదో అనెను. ఊస్తింగ్ గట్టు మీదినుండి అరచి చెప్పెను: “ఒరే, బాగా చచ్చావంట! కన్నీళ్ళు ఎవడు పెట్టమన్నాడని అడుగుతున్నాడు, కానీ ఉంచేస్తాట్ట!”

ఎనిమిది మాసములకు ఆ చిత్రము వేరే పేరుతో మా ఊరికి వచ్చెను. నేను ఆఖరి వరుసలో అత్తకును భార్యకును నడుమ కూర్చొంటిని. గోడ కూలెను, రవికలు చినిగెను, తుపాకులు మ్రోగెను; ఆపై ఎనుబోతంత ముఖమొకటి తెరనిండ ప్రత్యక్షమాయెను. నాదే. మూడు క్షణములు. ఒకటి, రెండు,

అత్త వేరుసెనగలు ఒలకబోసుకొని లేచెను.

“ఒసే కోన్సింగూ, వీడేనే! పని చెప్పినప్పుడు ఇంట్లో సరిగ్గా ఇలాగే పడుకుంటాడు, కళ్ళు తెరుచుకుని!”

హాలంతయు నవ్వెను. ముందు వరుసలవారు వెనుదిరిగి, తెరను చూచి, నన్ను చూచి, మరల తెరను చూచిరి. అప్పటికి తెరపై నేను లేను, కొబ్బరిచెట్టు ఉండెను.

కోన్సింగ్ నవ్వలేదు. నా వైపు వంగి మెల్లగా అడిగింది.

“నీ చెవిలో చీమలేంటి?”

“నిజం చీమలే.”

“కుట్టాయా?”

“కుట్టాయి.”

“మరి కదల్లేదే!”

ఇట్లు ఎలెయుతెరియో నామధేయుడు, ఎర్రచీమల అక్షౌహిణిని ఒంటికంటిరెప్పతో నిలువరించి, మూడు క్షణములు వీపు గాక ముఖమై వెలిగి, కోడిపందెముల నింద బాపుకొని, ఇంటికి పోవు త్రోవలో భార్యచేత ‘మరి కదల్లేదే’ అని మరి రెండుమారులు అనిపించుకొని త్రిలోకవిజయియాయెను. ఈ గాథ చదివినవారికి ధైర్యము కలుగునో లేదో చెప్పలేను. దురద మాత్రము తప్పక కలుగును.